వీపు మీది రాయి

ఈ సబ్బు బిళ్ళ ఆదివారం దాకా రాదు, వచ్చేటప్పుడు చౌరస్తాలో ఇంకోటి పట్టుకురమ్మని చెప్పాలి అనుకుంటూ, రోజూ తనే ఉతుక్కునే ఆయన ఇవాళ తొందరలో వదిలేసి వెళ్ళిన బనీను పిండుతుంటే చేతికి గట్టిగా ఏదో తగిలింది, తిప్పి చూస్తే వీపు మీద, సరిగ్గా రెండు రెక్కల మధ్య, నాలుగు వైపులా కుట్టేసిన చిన్న జేబు, ఆ జేబులో నిమ్మకాయంత రాయి, తడి గుడ్డ అంటుకుపోవడంతో ఆ రాయి మీద ఎవరో రాసిన నల్లటి అంకెలు. బనీనుకి ముందు జేబే ఉండదు, వెనక జేబేమిటి, జేబుంటే అందులో రాయేమిటి, రాయికి అంకెలు రాసి మనిషి వీపుకి కట్టాల్సిన అవసరం ఎవరికొచ్చింది, నా చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చేసింది, బనీను బకెట్లో బుడుంగుమని మునిగింది, బనీను అలా మునగడం నేనెప్పుడూ చూడలేదు, వారపత్రికల్లో సీరియళ్ళు చదివేటప్పుడు సరిగ్గా ఇలాంటి చోట ఆపేస్తే వచ్చే వారం దాకా ఆగాలా అని విసుక్కునేదాన్ని, ఇప్పుడు నాకు వచ్చే వారం కూడా లేదు, రేపు పొద్దున బండికి నాన్న వస్తాడు.

అమావాస్య లోపలే నన్ను పుట్టింటికి తీసుకెళ్ళాలి, ఆషాఢం వస్తోంది, కొత్తగా పెళ్ళయిన పిల్ల ఆ నెలంతా మొగుడి దగ్గర ఉండకూడదు, శ్రావణం రాగానే మొగుడే వచ్చి తీసుకెళ్తాడు, తీసుకెళ్ళాలి, మా పెదనాన్న కూతురు అనసూయక్క కూడా అలాగే మా గుడివాడ వచ్చింది, నెల రోజులకి రెండు చీరలు చాలవా అంటూ చిన్న పెట్టెతో వచ్చింది, శ్రావణం వచ్చింది, వెళ్ళింది, దసరాకి అల్లుడొస్తాడని పెద్దమ్మ అరిసెలు వండింది, అల్లుడు రాలేదు, అక్క పెద్ద పెట్టె మాత్రం రైల్వే పార్సిల్లో వచ్చింది, పోట్లాడి పంపేస్తే ఎందుకు పంపారని నలుగురూ అడుగుతారు, ఆషాఢానికి పంపిస్తే ఎవరూ అడగరు, మళ్ళీ పిలవకపోతే సరిపోతుంది, ఎంత సులువు. మా ఆయన అలాంటివాడు కాదు, యూనివర్సిటీలో జియాలజీ డెమాన్‌స్ట్రేటరు, గట్టిగా మాట్లాడితే రాళ్ళు కూడా నొచ్చుకుంటాయేమో అన్నట్టుండే మనిషి, వైశాఖంలో పెళ్ళయి తార్నాకలో ఈ అద్దె వాటాలో కాపురం పెట్టిన రోజు నుంచీ నన్ను ఒక్క మాట అనలేదు, అనకపోవడమే నాకు భయం, భోంచేసి నవ్వుతూ కబుర్లు చెబుతాడు, జడలో పూలు సర్దుతాడు, అన్నీ బాగానే ఉంటాయి, కన్ను మూతపడే వేళకి మాత్రం ఉక్కగా ఉంది పద్మా, నువ్వు పడుకో అని దిండు తీసుకుని మేడ మీదికి వెళ్ళిపోతాడు, ఎండాకాలం కదా నిజమే అనుకున్నాను, చినుకులు మొదలయ్యాయి, ఉక్క పోయింది, ఆయన దిగి రాలేదు, మొన్న జోరున వాన కురిస్తే మెట్ల మీద రేకుల కింద కాళ్ళు ముడుచుకుని కూర్చున్నాడు గానీ గదిలోకి రాలేదు, తలుపు తీసి పిలిస్తే పర్వాలేదు, వాన చల్లగా బాగుంది అన్నాడు, పళ్ళు టకటక కొట్టుకుంటున్నాయి.

ఎందుకు రాలేదో నాకు తెలుసు, తెలుసు కాబట్టే అడగలేదు, అప్పగింతలప్పుడు అమ్మ ఏడుస్తుంటే, అత్తగారు మావాడికి చిన్నప్పటి నుంచీ ఒంటరిగా పడుకోవడం అలవాటమ్మా, నువ్వే సర్దుకోవాలి అని నాకేసి చూడకుండా చెబుతుంటే, మా పిన్ని నా చెవి దగ్గరికి వచ్చింది, ఒసే పద్మా, వెల్లకిలా పడుకోకే, పడుకున్నావంటే మీ తాతని మించిపోతావు, రాత్రి విడిదిలో మగపెళ్ళివాళ్ళు ఎవరిదమ్మా ఆ రంపం అని అడిగితే మీ మావయ్యదని చెప్పి పరువు కాపాడాను, అక్కడ చెప్పడానికి నేనుండను, నోరు మూసుకుని పడుకో అంది, మేలుకుని ఉన్నప్పుడు నోరు మూసుకోమంటే మూసుకోవచ్చు, నిద్రలో నోటికి ఎవరు కాపలా ఉంటారు. మామ్మ చెప్పినట్టు పడుకోబోయే ముందు ముక్కులో గోరువెచ్చటి నెయ్యి చుక్కలు వేసుకున్నాను, రాత్రి పూట పెరుగు మానేశాను, పసుపు నీళ్ళ ఆవిరి పట్టాను, తల కింద ఇంకో దిండు చేర్చి ఎడమ పక్కకి తిరిగి గోడకి ముక్కు ఆనించి పడుకున్నాను, ఒకసారి ఆయన మేడెక్కాక గడ్డం కింది నుంచి నడినెత్తి దాకా తువ్వాలు బిగించి కట్టుకుని అద్దంలో చూసుకుంటే పాడె మీద పడుకోబెట్టడానికి సిద్ధం చేసినట్టున్నాను, గబగబా విప్పేశాను, అన్నిటికంటే సులువైనది ఆయన నిద్రపోయేదాకా నేను నిద్రపోకపోవడం, కానీ ఆయనా నిద్రపోడు, దూలాలు చూస్తూ నువ్వు పడుకో అంటాడు, మీరు పడుకోండి అంటాను, నువ్వు ముందు, కాదు మీరు ముందు, బస్సు దగ్గర మర్యాదస్తులిద్దరు కలిసినట్టు, చివరికి ఎవరికీ నిద్ర లేదు, కానీ ఈ వాటాలో దిగిన మొదటి రాత్రి మాత్రం ప్రయాణం బడలికలో నేను ఎప్పుడు నిద్రపోయానో నాకు తెలియదు, వెల్లకిలా పడుకున్నానో బోర్లా పడుకున్నానో తెలియదు, లేచేసరికి పక్క ఖాళీ, అంటే విన్నాడు, విన్నవాడు మర్యాద కొద్దీ నోరు విప్పడం లేదు, ఆషాఢం కోసం చూస్తున్నాడు.

ఏందమ్మ పద్మమ్మా, బకెట్ల పాము గిట్ల పడ్డదా, గట్ల సూస్తున్నవ్ అంటూ లచ్చవ్వ వచ్చింది, లచ్చవ్వ మా ఇంటావిడ, ముందు వాటాలో ఉంటారు వాళ్ళు, ఆవిడ మొగుడు బుచ్చిరాములు గారు రైల్వేలో చేసి మెట్టుగూడ క్వార్టర్లు ఖాళీ చేసి వచ్చి ఈ ఇల్లు కట్టుకున్నారు, చెప్పకూడదనుకుంటూనే బనీను పైకెత్తి చూపించాను, ఆవిడ కళ్ళు పెద్దవయ్యాయి, అవ్వో, గిదేంది, రాయి, రాయి మీద లెక్కలు, ముట్టకు బిడ్డా ముట్టకు, గిది మంచిది గాదు, నీ పంతులుకు ఎవరో చేతబడి చేసిన్రు అంది, ఆయనకెవరు చేస్తారండీ, ఎవరి జోలికీ పోరు కదా అన్నాను, జోలికి పోనోళ్లకే చేస్తరు, మెత్తగున్నోళ్ల మీదనే అందరి కన్ను, మా ముసలోనికి ఎవడన్న చేసిండా సూడు, చేస్తె నాకన్న జర సుఖముండు అంది, ముట్టకు అన్న మనిషే నా చేతిలోంచి బనీను లాక్కుని మెడలో పిన్నీసు తీసి పటపట కుట్లు తెంపింది, ఎర్రటి నున్నటి రాయి రాతి బండ మీద దొర్లింది, ఒక పక్క బిళ్ళలాగా తెల్లరంగు పూసి దాని మీద నల్ల సిరాతో అంకెలు వేసి ఉన్నాయి, ముత్యాల్లాంటి అంకెలు, యంత్రమే అంది లచ్చవ్వ, గీ లెక్కలు ఎటు దిక్కు నుంచి కూడినా ఒక్కటే వస్తయి, ఉన్నది ఒక్క వరసే కదండీ అన్నాను, గదే మరి, మాయ, మిగిలిన వరసలు ఇంకో దగ్గర ఉంటయి అంది, మల్కాజ్‌గిరిల బిక్షం అని గిసొంటివి తీసేటోడున్నడు, పొద్దుగూకంగ ముసలోన్ని తోలుత, గప్పటి దాక రాయిని ఉప్పుల వెట్టు అంది, ఉప్పు డబ్బా పట్టుకొచ్చాను, అందులో రేపటి చారుకి సరిపడా ఉప్పే ఉంది, రాయి సగం పైకే కనబడుతోంది, నేను చదువుకున్నదాన్ని, ఇవన్నీ నమ్మను, అయినా ఉన్న ఉప్పంతా వేలితో రాయి మీదికి ఎగదోశాను.

ఇంకేమన్న ఉన్నయేమో మిద్దె మీద సూద్దాం పా అని ఆవిడే ముందు మెట్లెక్కింది, మేడ మీద ఆయన నులక మంచం, పొద్దున చుట్టిన పక్క, ఎప్పుడూ చూసేదే, ఇవాళ కళ్ళు వేరుగా చూశాయి, మంచానికి తలవైపు రెండు కోళ్ళ కింద ఇటుకలున్నాయి, కాళ్ళవైపు లేవు, పక్క విప్పితే మడతలో నేను వారం నుంచి వెతుకుతున్న తేనె సీసా, అడుగుకి దిగిపోయిన తేనె, నీలగిరి తైలం బుడ్డి, తేనె, ఇటుకలు, రాయి, గింత పెద్ద పూజ నేనెన్నడు సూడలే అని లచ్చవ్వ చెంపలు వేసుకుంది, వేసుకుంటూనే ఇంకో సంగతిలోకి పోయింది, నీకు నిద్ర వడుతున్నదా బిడ్డా, గీ నడుమ మాల్‌గాడీలు మస్తు ఎక్కువైనయి, రాత్రంత గర్రు గర్రు, మా ముసలోడు పండుకున్న కాడనే చెవు పెట్టి విని గిది బొగ్గు గాడి, లోడు మీదున్నది, గిప్పుడు మెట్ట ఎక్కుతున్నది అని చెప్తడు, ఇంజన్ల కాడ బతికినోడు గద, తప్పు పోదు అంది, నాకూ ఆ గూడ్సు చప్పుడు వినిపిస్తుంది, పట్టాలు దగ్గరే కదా, మా ఊళ్ళోనూ రైలుందిగానీ ఇంతసేపు మెట్ట ఎక్కదు, ఆ రైళ్ళ గొడవ నాకిప్పుడెందుకు, నా కళ్ళు బనీను మీదున్నాయి, జేబు చుట్టూ కుట్టు చేతి కుట్టు కాదు, మిషను కుట్టు, మూలల్లో రెండేసిసార్లు తిప్పి కొట్టిన కుట్టు, అలాంటి కుట్టు నా జాకెట్ల మీద ఉంది, మంత్రగాళ్ళు మిషను మీద కుట్టరు, మొగిలి కుడతాడు.

గొడుగు తీసుకున్నాను, బనీనూ రాయీ సంచిలో వేసుకున్నాను, చౌరస్తాలో దర్జీ మొగిలి నన్ను చూసి జాకెట్ అనుకుని టేపు తీశాడు, బనీను చూసి టేపు మెడలో వేసుకున్నాడు, నాకేం తెల్వదమ్మా అన్నాడు ముందు, ఏమీ అడక్కుండానే తెలియదన్నవాడికి అంతా తెలుసని ఏ సీరియల్ చదివినా తెలుస్తుంది, ఊరికే నిలబడ్డాను, సారే తెచ్చిండమ్మా, ఉన్న బనీన్లన్ని తెచ్చిండు, వీపుకు జేబు పెట్టు మొగిలీ అన్నడు, సార్, జేబు ముంగట ఉంటది గద, ఎనక పెడితే చెయ్యెట్ల పోతది అన్న, చెయ్యి పోవుడెందుకయ్యా అన్నడు, రాళ్లు గూడ ఆయనే కోటు జేబుల నుంచి తీసిచ్చిండు, ఇంట్ల జెప్పకు అన్నడు, గిప్పుడు నేను జెప్పలే, మీరే వచ్చిన్రు, గది యాదుంచుకోరి అని బతిమాలాడు, సరేనన్నాను, ఎవరో చేశారన్న భయం అక్కడికక్కడే చచ్చిపోయింది, తన వీపుకి తనే చేతబడి చేసుకునేవాడుండడు, హమ్మయ్య అనుకునేలోపే ఇంకో భయం లేచి కూర్చుంది, అయితే ఎందుకు. నాన్న రాకముందు తెలియాలి, పెట్టె సర్దకముందు తెలియాలి, చిన్న పెట్టో పెద్ద పెట్టో తెలియకుండా ఎలా సర్దను, ఇంటికి తిరగాల్సిన కాళ్ళు యూనివర్సిటీ గేటు వైపు తిరిగాయి, ఇంతవరకు ఆయన పనిచేసే చోటు నేను చూడనే లేదు.

వాన వెలిసి రోడ్డు మెరుస్తోంది, రోడ్డుకి రెండు పక్కలా ఒకదాని మీద ఒకటి ఎక్కి కూర్చున్న గుండ్రాళ్ళు, ఇప్పుడు ఏ రాయిని చూసినా దాని మీద అంకెలున్నాయేమోనని చూపు పోతోంది, పుస్తకాలు నెత్తిన పెట్టుకుని నడుస్తున్న కుర్రాళ్ళు నన్ను చూసి పక్కకి తప్పుకున్నారు, బహుశా నా ముఖం అలా ఉంది, ఇంకో ఆడదా, కాదు, నీలగిరి తైలం వాసనతో మగవాణ్ణి వల్లో వేసుకునే ఆడది ఈ భూప్రపంచంలో ఉండదు, పైగా ఏ ఆడదైనా చొక్కాకి గుండీ కుడుతుంది గానీ బనీనుకి రాయి కుట్టించదు, రోగమా, రోగమైతే దాచడమెందుకు, మరేమిటి, ఒక్కొక్కటే వరస పెట్టాను, పెళ్ళికాగానే సిగరెట్ మానేశాడు, నా కోసమని మురిసిపోయాను, రాత్రి పూట నాలుగు మెతుకులు కెలికి లేచిపోతాడు, నా వంట నచ్చలేదని ఏడ్చాను, విడిగా పడక, వానకి చలికి ఓర్చుకోవడం, ఒంటి మీద బరువు, గుచ్చుకునే రాయి, తేనె, అర్ధాకలి, నడుస్తున్నదాన్ని రోడ్డు మధ్యలో ఆగిపోయాను, వెనక సైకిలువాడు గంట కొట్టి తిట్టుకుంటూ పోయాడు, దీక్ష, సన్యాసం పుచ్చుకోబోతున్నాడు, నన్ను పుట్టింటికి పంపి కాషాయం కట్టి వెళ్ళిపోతాడు, నా గురక విని ఒక మగవాడు సంసారం మీద విరక్తి చెందాడు, ఇంత అవమానం అనసూయక్కకి కూడా జరగలేదు, ఆవిడ మొగుడు కనీసం ఇంకో పెళ్ళి చేసుకున్నాడు.

డిపార్టుమెంటు వరండాలో స్టూలు మీద అటెండరు కూర్చుని ఉన్నాడు, ఎవరు గావాలమ్మా అన్నాడు, డెమాన్‌స్ట్రేటరు గారు అన్నాను, ముగ్గురున్నరు, పేరేంది అన్నాడు, మొగుడి పేరు నోట పలికే అలవాటు లేదు, పొడుగ్గా ఉంటారు అన్నాను, ముగ్గురూ పొడుగే అన్నాడు, కళ్ళజోడు, అందరికీ కళ్ళజోళ్లే, నెమ్మదిగా మాట్లాడతారు అనగానే స్టూలు మీంచి లేచి నిలబడ్డాడు, సుబ్బరాయుడు సారా, ముందే జెప్పొద్దా అమ్మా, నా పేరు ఇన్నయ్య, రారి రారి, లంచ్ టైం గద, మిషన్ రూముల ఉన్నడు, తిండి గూడ మానుకోని రాళ్లు కోస్తుంటడు, వినబడతలేదా అన్నాడు, వినబడుతోంది, వరండా చివరి నుంచి గర్రుమని ఒకటే చప్పుడు, రాయిని పట్టి కోస్తున్న చప్పుడు, కాసేపు సన్నగా సాగి గట్టిగా అడ్డం తగిలి మళ్ళీ సాగుతోంది, పెద్ద ప్రొఫెసర్ సారు గూడ మొన్న గిట్ల నిలవడి విని, చూశావా, ఆ కుర్రాడి పట్టుదల అన్నడమ్మా అని ఇన్నయ్య చెబుతున్నాడు, చెబుతూ నోటికి అడ్డంగా తువ్వాలు పెట్టుకున్నాడు, ఎందుకు నవ్వుతున్నాడో నాకు అర్థం కాలేదు. వరండా పొడుగునా అద్దాల బీరువాలు, వాటిలో రాళ్ళు, నల్లవి, పచ్చవి, మెరిసేవి, ప్రతి రాయికీ ఒక పక్క బిళ్ళలాగా తెల్లరంగు, దాని మీద నల్ల సిరాతో అంకెలు, ముత్యాల్లాంటి అంకెలు, ఎటు దిక్కు నుంచి కూడినా ఒక్కటే వచ్చే లచ్చవ్వ అంకెలు, బీరువాల నిండా, వందల కొద్దీ, సంచిలోంచి రాయి తీసి అద్దానికి ఆనించి పోల్చుకున్నాను, యంత్రం కాదు, ఆయన రోజూ చేత్తో పట్టుకునే రాయి, పిల్లలకి పాఠం చెప్పే రాయి, ఆ అంకెలు కూడా ఆయన దస్తూరీయే, ఉత్తరాల్లో చూసిన దస్తూరీని గుర్తుపట్టలేకపోయాను, భయమేస్తే కళ్ళుండీ ఏం లాభం.

తలుపు తోశాను. ఎదురుగా రాళ్ళు కోసే మిషను, దాని మీద గుడ్డ కప్పి ఉంది, వైరు చుట్టి గోడ మేకుకి తగిలించి ఉంది, చప్పుడు మాత్రం ఆగలేదు, మిషను పక్కన పొడుగాటి బల్ల, బల్ల మీద మా ఆయన, వెల్లకిలా, కళ్ళజోడు గుండె మీద, నోరు సగం తెరిచి, పైకి పోయే ఊపిరికి సన్నటి ఈల, కిందికి వచ్చే ఊపిరికి బొగ్గు గాడి, లోడు మీదున్నది, మెట్ట ఎక్కుతున్నది, ఇంజన్ల కాడ బతికిన బుచ్చిరాములు గారిని కూడా మోసం చేసిన గురక, వచ్చింది నవ్వో ఏడుపో తెలియలేదు, కొంగు నోట్లో కుక్కుకుని గుమ్మానికి ఆనుకున్నాను, సన్యాసం లేదు, ఇంకో ఆడది లేదు, రోగం లేదు, చేతబడి లేదు, వెల్లకిలా తిరిగితే గుచ్చుకోవాలని వీపుకి రాయి, తల ఎత్తుగా ఉండాలని ఇటుకలు, గొంతుకి తేనె, ముక్కుకి నీలగిరి తైలం, బరువు తిండి పడకూడదని నాలుగు మెతుకులు, నేను ముక్కులో నెయ్యి వేసుకుంటుంటే ఆయన మేడ మీద నీలగిరి వాసన పీలుస్తున్నాడు, నేను కింద గోడకి ముక్కు ఆనించి పడుకుంటే ఆయన పైన రాయి మీద పొర్లుతున్నాడు, ఆయన ఏం వింటాడోనని నేను వణికితే నేనేం వింటానోనని ఆయన వానలో తడిశాడు, నా మీద విరక్తి పుట్టినవాడు ఇంత కష్టపడడు, ఇది పంపించేద్దామనుకున్నవాడు చేసే పని కాదు, ఉంచుకోవాలనుకున్నవాడు చేసే పని, ఇంత హాయిగా ఊపిరి తీసుకుని ఎన్నాళ్ళయింది, ఆయన గురక అంత పెద్దగా వినబడుతుంటే ప్రపంచమంతా నిశ్శబ్దంగా ఉన్నట్టుంది.

నా గాజుల చప్పుడుకో మరి దేనికో గురక తెగింది, కళ్ళు తెరిచాడు, కళ్ళజోడు పెట్టుకున్నాడు, నన్ను చూశాడు, నా చేతిలో ఎర్రరాయి చూశాడు, చెవుల చివర్లు ఆ రాయి రంగులోకి తిరిగాయి, నువ్వా, ఎంతసేపైంది వచ్చి అన్నాడు, బొగ్గు గాడి మెట్ట ఎక్కుతున్నప్పటి నుంచి అన్నాను, అర్థం కాలేదు ఆయనకి, విన్నావా అన్నాడు, విన్నాను అన్నాను, తల దించుకున్నాడు, పద్మా, మీ నాన్నగారు వచ్చాక నువ్వు ఆయనతో ఏం చెప్పినా నేను తప్పుపట్టను అన్నాడు, నా ప్రాణం చివుక్కుమంది, పక్కన బల్ల మీద కూర్చున్నాను, ఆయన చెయ్యి తీసి రాయి అందులో పెట్టాను, నేనూ పెడతానండీ అన్నాను, ఏం పెడతావు అన్నాడు, గురక, మా తాతని మించి పెడతానట, మా పిన్ని చెప్పింది, మీరు విని మేడెక్కారనుకున్నాను, రేపు పంపేసి మళ్ళీ పిలవరేమో అనుకున్నాను అన్నాను, ఊరికే నా కోసం అబద్ధం చెప్పకు అన్నాడు ఆయన, అబద్ధం కాదు, కావాలంటే నాన్నని అడగండి, రేపెలాగూ వస్తున్నాడుగా అన్నాను, అప్పుడు ఆయన ముఖంలో లెక్క ఏదో నెమ్మదిగా వెనక్కి తిరగడం చూశాను, మొదటి రాత్రి దగ్గరికి వెళ్ళి ఆగింది, ఆగగానే నోరు తెరిచాడు, చెప్పనిచ్చాను.

ముందే చెప్పాల్సినవాణ్ణి నేనే పద్మా, ఇంక దాచలేను, కాలేజీలో చేరినప్పటి నుంచీ నాతో ఒక గదిలో ఉన్న ప్రతివాడూ నెల తిరగకుండా ఇంకో గది వెతుక్కున్నాడు, హాస్టల్లో చివరికి వంటసామాన్ల గదిలో వేశారు, అక్కడ ఎలకలు కూడా ఉండేవి కావు, పెళ్ళిచూపులప్పుడు చెప్పేద్దామంటే అమ్మ వద్దురా, పెళ్ళయ్యాక అదే అలవాటు పడుతుంది అంది, అలవాటు పడేదాకా నువ్వుంటావో ఉండవో అని నా భయం, డాక్టరు ముక్కులో లైటు వేసి చూసి దూలం వంకర అన్నాడు, సిగరెట్ మానమన్నాడు, రాత్రి తిండి తగ్గించమన్నాడు, వెల్లకిలా తిరక్కుండా వీపున రబ్బరు బంతి కుట్టించుకోమన్నాడు, బంతి కొనడానికి సిగ్గేసింది, నా దగ్గర రాళ్ళకి లోటు లేదు, కొన్నాళ్ళు పనిచేసింది కూడాను, తర్వాత రాయి మీదే నిద్రపట్టడం అలవాటైపోయింది, ఆషాఢం నెలలో ఎలాగైనా తగ్గించుకుని శ్రావణం మొదటి రోజే మీ ఊరు వద్దామనుకున్నాను, ఇదంతా ఒక ఎత్తు, ఆ మొదటి రాత్రి సంగతి ఒక ఎత్తు, ఇప్పుడు నువ్వంటుంటే తెలుస్తోంది, ఆ రాత్రి నేనసలు నిద్రే పోలేదు పద్మా, కళ్ళు మూసుకుని పడుకున్నాను అంతే, గది దద్దరిల్లేట్టు గురక వినబడింది, ఉలిక్కిపడి లేచాను, నేనున్న గదిలో గురకంటూ వినబడితే అది ఎప్పుడూ నాదే కదా, మెలకువగా ఉన్నవాడు ఎలా పెడతాడని ఒక్క క్షణమైనా ఆలోచించానా, లేదు, నువ్వు లేవకముందే పోవాలని చెప్పులు చేతపట్టుకుని మేడెక్కాను, నీ గురకకి భయపడి కాదు పద్మా, నీ గురక కూడా నాదేననుకుని పారిపోయాను.